నాలుగో గొట్టం

అయ్యయ్యో అనూహ్యా, దాన్ని గుడ్డ పెట్టి తుడవకమ్మా, చెయ్యి తీసెయ్. ఆ సన్న గొట్టాలు ఇప్పటికే పెళుసెక్కిపోయి ఉన్నాయి, గట్టిగా చూస్తే విరిగేలా ఉన్నాయి. ఏంటీ, ఆక్సిజన్ మిషన్ అనుకున్నావా? బాగుంది. రిటైరైన నర్సు ఇంట్లో సూదులూ ట్యూబులూ కనపడితే ఇంకేమనుకుంటావులే. కూర్చో, కూర్చో. నీ కోచింగు ఎన్నింటికి? అచ్ఛా, నాలుగింటికా, ఇంకా చాలా టైముంది. మన వైశాలి నుంచి ఢిల్లీ కరోల్ బాగ్ ఎంతసేపు, మెట్రోలో సీటు దొరికితే ఒక కునుకు. అది ఇంజనమ్మా. నిజం ఇంజనే, కాకపోతే పిల్ల ఇంజను. అసలుది నువ్వు కూర్చున్న దివాన్ అంత పొడుగుండేది, మా ఆస్పత్రి జనరేటర్ది. దాన్ని ఆరో వంతు కొలతకి దించి చేశారు. పొగ రాదు, డీజిల్ పొయ్యక్కర్లేదు, ఇదిగో ఈ పిడి పట్టుకుని తిప్పితే లోపల నూనె తిరుగుతుంది. అంతే దాని పని. మూలమూలకీ నూనె వెళ్తోందా లేదా అని చూపించడం. ఆ మాత్రం పనికి ఒక మనిషి నాలుగు నెలలు కళ్ళు పోగొట్టుకున్నాడు, నేను కూడా కొంచెం పోగొట్టుకున్నాను. రాజరత్నం గారని, ఆయన చేసింది. పోయి పదిహేనేళ్ళు దాటింది. పోయాక వాళ్ళ అమ్మాయి జెనీఫర్ తెచ్చి, ఆంటీ ఇది నీ దగ్గరే ఉండాలి అని ఇక్కడ పెట్టి వెళ్ళింది.

ఆ ఆస్పత్రి పేరు చెప్పను. ఘాజియాబాద్ వైపు ఉండేది, ట్రస్టు వాళ్ళది, ఇప్పుడు ఆ స్థలంలో ఏదో మాల్ కట్టారు, నాకు ఆ రోడ్డున వెళ్ళబుద్ధి కాదు. మన కోనసీమ అమ్మాయిలమే పదిహేను మందిమి ఉండేవాళ్ళం నర్సులం. రాజోలు, మలికిపురం, అంతర్వేది, ఒకళ్ళు వస్తే వాళ్ళ వెనక ఇంకొకళ్ళు. రాజరత్నం గారిది కూడా రాజోలు పక్కే. జనరేటర్ ఆపరేటరు. పొట్టి మనిషి, నల్లగా, చేతులు మాత్రం ఇంత పెద్దవి. మాట బహు తక్కువ. నేను రోజంతా వాగుతాను కదా, నాకు అలాంటివాళ్ళంటే చిరాకు. చర్చిలో కూడా అంతే, ఆదివారం మయూర్ విహార్‌లో ఒక స్కూలు హాల్లో మన తెలుగు ఆరాధన జరిగేది, అందరూ సాక్ష్యం చెప్పండి అంటే లేచి "దేవుడు మంచోడండి" అని కూర్చునేవాడు. ఇంకేం చెప్పరా బాబూ అనిపించేది. భార్య నాగేంద్రమ్మ మాత్రం నాలాంటిదే, నోరు తెరిస్తే గోదారి గట్టు తెగినట్టే. బాప్తీస్మం అయ్యాక పాస్టరు గారు పేరు మారుస్తానంటే, "నా పేరు మా అత్తగారే మార్చలేకపోయిందండి" అందిట. అది వేరే కథలే.

ఏం చెప్తున్నా? ఆఁ, తొంభై నాలుగు. జులై. అప్పట్లో కరెంటు సంగతి నీకు తెలీదు, ఇన్వర్టర్లలో పుట్టినదానివి. రోజుకి మూడుసార్లు పోయేది. పోగానే కింద జనరేటర్ దడదడలాడేది, మాకు అదో ధైర్యం. ఆ రోజు మధ్యాహ్నం నేను థియేటర్‌లో ఉన్నాను. ఒక ఆవిడకి కడుపు కోసి ఉంది. కరెంటు పోయింది, జనరేటర్ వచ్చింది, పది నిమిషాలు తిరిగింది, తర్వాత కిందనుంచి ఒక చప్పుడు వచ్చిందమ్మా, ఇనప బీరువా మేడమీంచి పడ్డట్టు. ఆగిపోయింది. మత్తు మిషను ఆగింది, లైటు పోయింది, రక్తం లాగే సక్షన్ పోయింది. టార్చిలైట్లు పట్టించుకుని డాక్టరు గారు కుట్లు వేస్తుంటే నేను చేత్తో బ్యాగు నొక్కుతూ నిలబడ్డాను. ఆవిడ ఊపిరి నా చేతిలో ఉంది. నలభై నిమిషాలు. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆవిడ బతికింది, దేవుడి దయ, మనవల్ని కూడా ఎత్తుకునే ఉంటుంది ఈపాటికి. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. గౌను కూడా విప్పకుండా దిగి జనరేటర్ గదికి వెళ్ళాను. చూస్తే గదినిండా పొగ, ఈ రాజరత్నం గారు నేలమీద చతికిలబడి ఉన్నాడు, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, చేతిలో నూనె డబ్బా, ఇంజను పక్కన. నాకు ఇంకేం కావాలి? నూనె పొయ్యడం మర్చిపోయాడు, తాగి పడుకున్నాడు, ఇంజను కాలిపోయాక ఇప్పుడు గుట్టుగా పోస్తున్నాడు. అంతే, తీర్పు ఇచ్చేశాను. అక్కడే అరిచాను. సాయంత్రం కాగితం ఇమ్మంటే ఒకటిన్నర పేజీ రాసి సంతకం పెట్టాను. నా ఇంగ్లీషు బావుంటుందని అందరూ అనేవాళ్ళు, ఆ రోజు ఇంకా బాగా వచ్చింది పాడు ఇంగ్లీషు.

ఇంక చూసుకో. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నారట. వార్డు బాయ్ నుంచి చర్చి దాకా అందరూ ఒకటే మాట, రత్నం తాగుతాడు. ఆ మనిషి జీవితంలో ముట్టుకోలేదమ్మా. కళ్ళు పొగకి ఎర్రబడ్డాయి. అంతకంటే ఘోరం, ఆ డబ్బాతో ఆయన నూనె పోస్తోంది కాదు, తీస్తున్నాడు. ఇంజను ఆగగానే, ఇది నామీదకే వస్తుందని తెలిసి, చూడండి లోపల నూనె నిండా ఉంది అని చూపించడానికి అడుగు మరను విప్పి డబ్బాలోకి దించుతున్నాడు. నేను సరిగ్గా అప్పుడే వెళ్ళాను. నా కాగితం లేకపోతే ఆ డబ్బాడు నూనే ఆయన్ని కాపాడేది. నా కాగితం వల్ల అదే ఆయన మెడకి చుట్టుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు, నా నోరు కాదు, నా చెయ్యి.

నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు, పేరుతో సహా, ఆపరేటర్ నిర్లక్ష్యం, విచారణ పూర్తయ్యేదాకా జనరేటర్ గదిలోకి అడుగుపెట్టరాదు అని. ఆయన్ని తీసుకెళ్ళి లాండ్రీ పక్కన బాయిలర్ గదిలో వేశారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇలాంటి మచ్చతో బయటికి పంపితే ఇంకే ఆస్పత్రివాడు ఇంజను ముట్టుకోనిస్తాడు? చూడూ, ఆయన వాదన ఒకటే. మేలో ఇంజను మొత్తం విప్పి బిగించారు, బయటినుంచి ఎవడో మెకానిక్ వచ్చి. అప్పుడు వెనకమూత దగ్గర పెట్టే గ్యాస్కెట్టు చిరిగిపోతే, వాడు అట్ట కోసి కొత్తది పెట్టాడు. గ్యాస్కెట్టంటే మన కుక్కర్ మూతకి రబ్బరు ఉంటుందే, ఆ టైపు, రెండు ఇనప ముక్కల మధ్య పెడతారు. దానికి ఒక పక్కగా నూనె పోవడానికి కంత ఉంటుంది. తిరగేసి పెడితే కంత అవతల పక్కకి పోతుంది, చొక్కా తిరగేసి తొడుక్కుంటే జేబు అటు పోయినట్టు. రాజరత్నం గారు అప్పుడే చూశాడు, "భయ్యా, కంత ఇటు కదా ఉండాలి" అన్నాడు. వాడేమన్నాడో తెలుసా, "తూ ఆపరేటర్ హై, ఆపరేటర్ రెహ్" అన్నాడుట, ఆపరేటరువి ఆపరేటరులా ఉండు అని. పైన మా మెయింటెనెన్స్ బన్సల్ సాబు "అంతా ఠీక్ హై" అని సంతకం చేశాడు. అంటే నూనె ముందు మూడు బేరింగులకీ వెళ్తోంది, బేరింగంటే ఇరుసు ఆని తిరిగే చోటు, నాలుగోది, అన్నిటికంటే వెనకది, దానికి చుక్క అందట్లేదు. మరి నూనె ఒత్తిడి చూపించే గేజీలో ఎందుకు కనపడలేదు అని అడిగారు. గేజీ ముందుంది, చచ్చింది వెనకాల! నాకైతే అది వినగానే అర్థమైపోయింది తర్వాత. చేతికి పట్టా కట్టి బీపీ చూస్తే నూట ఇరవయ్యే ఉంటుంది, కాలికి రక్తం అందట్లేదన్న సంగతి చెయ్యి చెప్తుందా? కానీ విచారణలో కూర్చున్నవాళ్ళకి ఎక్కాలి కదా. మూత తెరిచి చూడండి అని ఈయన, తెరవక్కర్లేదు, నర్సు కళ్ళారా చూసింది, పాత ఇనుముకి అమ్మేద్దాం అని బన్సల్ సాబు. జనవరిలో ఆఖరి విచారణ, తర్వాత ఇంజను లారీ ఎక్కిపోతుంది. ఎక్కిపోతే ఇంక ఏం మిగిలింది, ఆయన మాటా నా కాగితమూ. ఏది గెలుస్తుందో చెప్పక్కర్లేదు.

సెప్టెంబర్లో ఒకరోజు ఈయన నేను డ్యూటీలో ఉన్న పిల్లల వార్డుకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను చూసీ చూడనట్టు ఉన్నాను, మొహం చెల్లలేదు. అప్పటికి నాగేంద్రమ్మ ఆరాధన అయ్యాక ఆ స్కూలు మెట్లమీద నన్ను కడిగి ఆరేసింది, ఆ డబ్బా సంగతంతా అప్పుడే తెలిసింది. ఈయనొచ్చి "సిస్టరండీ, పసిపిల్లలకి తలలో నరానికి పెడతారే, సన్న సూదీ జానెడు ట్యూబూ, అవి డేటు అయిపోయినవి ఉంటే పారేయకండి, నాకు కావాలండి" అన్నాడు. ఎందుకండీ అన్నాను. ఇంజను చేస్తున్నానండి అన్నాడు. నాకు ముందు పిచ్చెక్కిందేమో అనిపించింది. తర్వాత ఉండబట్టలేక అడిగేశాను, నామీద కోపం లేదా మీకు అని. ఆయన "మీరు చూసిందే రాశారండి. మీరు చూడనిది చూపిద్దామనే ఈ గొడవంతా" అన్నాడు. అమ్మా, నాగేంద్రమ్మ తిట్లు నాకు ఒంటికి అంటలేదు కానీ ఈ మాట పోయి లోపల దిగబడిపోయింది. ఆ రోజు డ్యూటీ అంతా ఏడుస్తూనే చేశాను. మేట్రన్‌ని అడిగే తీసుకెళ్ళాను ట్యూబులు, దొంగతనం కాదు సుమా, డేటు అయిపోయిన పెట్టెడు ఇచ్చింది.

ఇంక రోజూ డ్యూటీ దిగగానే బాయిలర్ గదికి పోవడం. నాగేంద్రమ్మ కూడా అక్కడికే టిఫిన్ తెచ్చేది, మొదటి వారం నాకు పెట్టలేదు, రెండోవారం నుంచి పెట్టింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మా హాస్టల్ అమ్మాయిలు నవ్వేవాళ్ళు. నవ్వుకోనీ. ఇంజను ఒళ్ళంతా ఇత్తడితో అప్పటికే చేసేశాడు, ఆకురాయితో రాకి రాకి, రెండు పిల్ల పళ్ళచక్రాలు, ఒకదాని పళ్ళలో ఒకటి పడేలా, అదే పంపు. దాంతో పెద్ద తంటా లేదు. తంటా అంతా గొట్టాలు వేయడంలో. సూదిని ఇత్తడికి టంకం పెడితే టంకం కాస్తా సూదిలోకి పారి మూసుకుపోయేది. తొమ్మిది సూదులు పాడుచేశాడు. పదోదానికి నేను చెప్పాను, నేను నర్సుగా చేరిన కొత్తలో ఇలా వాడి పారేసే సూదులు కాదు, ఉడకబెట్టి వాడేవి, ప్రతి సూదిలోనూ మూసుకుపోకుండా సన్న తీగ పెట్టి ఉంచేవాళ్ళం. తీగ పెట్టి టంకం పెట్టండి, ఆరాక లాగెయ్యండి అన్నాను. ఆయన నాకేసి అలా చూశాడు. అప్పటిదాకా నేను ట్యూబులు మోసుకొచ్చే మనిషిని, అప్పట్నుంచి పనిమనిషిని అయ్యాను, అంటే పనివాళ్ళలో మనిషిని.

తర్వాత ట్యూబులు జారిపోవడం. పిడి తిప్పగానే ఫట్‌మని ఊడి నూనె మొహాన కొట్టేది. ఇనపతీగ చుడితే ట్యూబు తెగేది. అప్పుడు నేను కుట్లు వేసే సిల్కు దారం తెచ్చి సర్జన్లు వేసే ముడి వేశాను. ఇదిగో చూడు, నల్లగా కనపడుతున్నాయే, ముప్పై ఏళ్ళు దాటింది, ఒక్కటి ఊడలేదు. పదహారు ముళ్ళు, అన్నీ నావే. గాలి సంగతి ఇంకోటి. పంపు ఎంత తిప్పినా నూనె ఎక్కేది కాదు, బుడగలు బుడగలుగా వచ్చి ఆగిపోయేది. ఆయన పంపు విప్పడం, బిగించడం, రెండు రోజులు ఇదే. నేను అన్నాను, బాబూ, సెలైన్ పెట్టేముందు మేము ఏం చేస్తాం? సీసా పైకెత్తి, చివర వదిలేసి, ట్యూబు మీద వేలితో టకటకా కొట్టి గాలంతా బయటికి పంపాకే నరానికి పెడతాం. గాలి ఉండగా పెడితే మనిషే పోతాడు, మీ ఇంజనెంత! అలా చేస్తే ఎక్కింది చూడూ, మూడు గొట్టాల్లోనూ సర్రుమని. ఆయన మొట్టమొదటిసారి నవ్వడం అప్పుడే చూశాను. నాలుగోదానికి ముందు గ్యాస్కెట్టు, అది పాత ఎక్స్‌రే ఫిల్ము కోసి చేశాడు, ఎవడివో పక్కటెముకలు ఉంటాయి దానిమీద. సరిగ్గా పెడితే నాలుగు గొట్టాలూ నిండుతాయి, తిరగేస్తే నాలుగోది ఖాళీ. మూతలో మాత్రం ఏ మార్పూ లేదు, తేడా అంతా గ్యాస్కెట్టుదే.

నూనె ఏది పొయ్యాలన్నది ఒక రభస. ఇంజన్ ఆయిల్ పోస్తే ఆ సన్న గొట్టాల్లో కదలదు. కుట్టుమిషన్ నూనె పోస్తే కదులుతుంది కానీ నీళ్ళలా ఉంటుంది, ముళ్ళ సందుల్లోంచి కారిపోతుంది. నాగేంద్రమ్మే అంది, ఊరినుంచి మా తమ్ముడు పంపిన కొబ్బరినూనె ఉంది కదా, పొయ్యండి అని. పోశాం. అబ్బ, ఎంత చక్కగా పాకిందో! పంపు మెత్తగా తిరిగేది, గదంతా మా ఊరి గానుగ వాసన. ముగ్గురం కోనసీమ వాళ్ళం, మురిసిపోయాం. అక్కడే మా తెలివి తెల్లారింది. ఢిల్లీ చలికాలంలో కొబ్బరినూనె ఏమవుతుంది చెప్పు? మరే! ప్రతి ఇంట్లో డబ్బా ఎండలో పెట్టుకుని తల దువ్వుకునేవాళ్ళమే. కానీ మేము ఇంజను చేసింది బాయిలర్ గదిలో, జనవరిలో కూడా అక్కడ చెమటలు పట్టేవి, నూనె ఎప్పుడూ నీళ్ళలాగే ఉండేది. ముగ్గురిలో ఒక్కరికి, ఒక్కరికైనా తట్టలేదు.

విచారణ రోజు పొగమంచు, ఎదుటి మనిషి కనపడడు. పొద్దున్నే రాజరత్నం గారు గ్యాస్కెట్టు తిరగేసిపెట్టి, జులైలో ఎలా ఉందో అలాగన్నమాట, ఒక పాతిక చుట్లు తిప్పి చూసుకుని, నా డ్రెస్సింగ్ ట్రాలీ మీద పెట్టి పైన తువ్వాలు కప్పాడు. ముందు తప్పు చూపించి, తర్వాత సరిచేసి చూపించాలని ఆయన లెక్క. ఆఫీసు బిల్డింగు వరండాలో పదింటికి రమ్మన్నారు. పిలిచింది పన్నెండున్నరకి. రెండున్నర గంటలు ఆ మంచులో, ట్రాలీ పక్కన, మేమిద్దరం కాళ్ళు తొక్కుకుంటూ. లోపల కర్నల్ సాబు ఉన్నారు, మిలటరీ డాక్టరుగా చేసి వచ్చి మా ఆస్పత్రి చూసుకునేవారు, ఆయనే పెద్ద. పక్కన ట్రస్టువాళ్ళు ఇద్దరు, బన్సల్ సాబు. "చలాకే దిఖావో" అన్నారు కర్నల్ సాబు. రాజరత్నం గారు తువ్వాలు సగం తీసి పిడి పట్టుకున్నాడు. తిరగలేదు. గట్టిగా పట్టాడు. తిరగలేదు. ఇంకా బలం పెడితే పిడి విరుగుతుంది. బన్సల్ సాబు పగలబడి నవ్వాడమ్మా, "సర్, యే భీ సీజ్ హో గయా! ఇస్‌మే భీ తేల్ నహీ డాలా హోగా!" అని, ఇదీ పట్టేసింది, దీన్లోనూ నూనె పోసుండడు అని. ట్రస్టువాళ్ళూ నవ్వారు. రాజరత్నం గారు చేతులు వెనక్కి తీసుకుని నిలబడిపోయాడు, పాలిపోయాడు, నల్లటి మనిషి బూడిద రంగులోకి వెళ్ళిపోయాడు. ఆ మొహం నేను జన్మలో మర్చిపోను. అది రెండోసారి ఆయన్ని నేను అలా చూడడం, మొదటిసారి నేనే చేశాను ఆ పని.

నేను ఉండలేక తువ్వాలు మొత్తం లాగేశాను. చూస్తే తెల్లగా గడ్డకట్టి ఉంది నూనె. నాకు ముందు కోపం వచ్చింది, ఛీ, కొబ్బరినూనె, మన బుర్రలు తగలెయ్య అని. నోరు తెరవబోయాను కూడా. అప్పుడు కనపడింది. ఒకటో గొట్టం తెల్లగా, కొవ్వొత్తిలా. రెండోది తెల్లగా. మూడోది తెల్లగా చివరిదాకా. నాలుగోది గాజులా ఉంది, అవతల గోడ కనపడుతోంది దానిలోంచి. తెలుపు గ్యాస్కెట్టు దాకా వచ్చి, కత్తితో కోసినట్టు ఆగిపోయింది. అనూహ్యా, నేను ఎక్స్‌రే గదిలో రెండేళ్ళు చేశాను. కడుపులో అడ్డం ఎక్కడుందో తెలియకపోతే సుద్దనీళ్ళలాంటి బేరియం తాగించి ఫొటో తీస్తారు, అది ఎక్కడిదాకా వెళ్తే అక్కడిదాకా తెల్లగా కనపడుతుంది. నా ఎదురుగా ఉన్నది అచ్చం అదే! నేను అరిచేశాను, "సర్, తిప్పక్కర్లేదు సర్! మీరు డాక్టరు కదా, బేరియం ఫొటో అనుకుని చూడండి!" అని. కర్నల్ సాబు కళ్ళజోడు పెట్టుకుని వంగారు. ట్రాలీని కిటికీ వెలుతురుకి తోయించారు. ఒక్కో గొట్టం మీదా వేలు పెట్టి వెళ్ళారు, ఒకటి, రెండు, మూడు, నాలుగో దగ్గర వేలు ఆగింది. "అడ్డం ఎక్కడ?" అన్నారు, మన పేషెంటు గురించి అడిగినట్టే. రాజరత్నం గారు ముందుకొచ్చి గ్యాస్కెట్టు చూపించాడు. నేను ఆయాని పరిగెత్తించి వార్డులోంచి వేడినీళ్ళ బ్యాగులు తెప్పించి ఇంజను చుట్టూ పెట్టాను, జ్వరం వచ్చిన పిల్లని పడుకోబెట్టినట్టు. పావుగంటలో కరిగింది. గ్యాస్కెట్టు సరిగా తిప్పి పెట్టి, ఆయన పిడి తిప్పాడు. నాలుగో గొట్టంలోకి నూనె పాకుతూ పాకుతూ వచ్చి చివర బొట్టు కట్టి టప్‌మని పడింది. ఆ చప్పుడు గదిలో అందరికీ వినపడింది.

బన్సల్ సాబు వదులుతాడా! "సర్, ఇది వీడు చేసిన బొమ్మ, వీడికి ఎలా కావాలంటే అలా చేసుకుంటాడు" అన్నాడు. అప్పుడు రాజరత్నం గారు మాట్లాడాడు. చర్చిలో నాలుగు మాటలు కూడబలుక్కునే మనిషి. "అవునండి, ఇది నేను చేసిందే. అది మీరు చేయించిందండి. రెండూ చూశాక చెప్పండి" అన్నాడు. మొత్తం ఇంతే. కర్నల్ సాబు కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. అందర్నీ పెరట్లో షెడ్డుకి నడిపించారు, టార్పాలిన్ కింద ఉంది పెద్ద ఇంజను. రాజరత్నం గారు ముట్టుకోకూడదు కాబట్టి నీళ్ళ పంపుల దగ్గర పనిచేసే పాపయ్యని పిలిచి విప్పమన్నారు. పాపయ్య ఒక్కో బోల్టుకీ దేవుణ్ణి తలుచుకున్నాడు. నాగేంద్రమ్మ షెడ్డు బయట నిలబడి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. వెనకమూత ఊడి వచ్చింది. గ్యాస్కెట్టు అంటుకుని ఉంది, కంత అవతల పక్కన. నూనె రావాల్సిన చోట అట్టమీద నల్లగా గుండ్రటి మరక, రెండు నెలలు వచ్చి తలుపు కొట్టి కొట్టి వెనక్కిపోయిన గుర్తు. దాని వెనక కంతలో తుప్పు. ఒక్క చుక్క తడి లేదు. కర్నల్ సాబు ఆ అట్టని ఊడదీసి బన్సల్ సాబు చేతిలో పెట్టి, "ఇసే భీ ఠీక్ హై లిఖోగే?" అన్నారు, దీనికీ బాగుందని రాస్తావా అని. నాగేంద్రమ్మ అప్పుడు వేసింది చూడు ఒక కేక, "స్తోత్రం!" అని, షెడ్డు రేకుల మీది పావురాలన్నీ లేచిపోయాయి. పాపయ్య పానా పారేసి రాజరత్నం గారిని ఎత్తేశాడు. ఆ పొట్టి మనిషి గాల్లో కాళ్ళు ఆడిస్తూ "దింపరా, దింపరా" అని. నవ్వుతూనే ఉన్నాడు.

నేను నా కాగితం వెనక్కి అడిగాను. ఇవ్వకూడదు, రికార్డు అన్నారు. అయితే దాని కిందే రాస్తానన్నాను. రాశాను, "నేను చూసింది నూనె పోయడం కాదు, తీయడం. చూసిన దానికి అర్థం నేను కల్పించుకున్నాను. తప్పు నాది." సంతకం. ఈసారి మూడు వాక్యాలే, ఒకటిన్నర పేజీ కాదు. తెల్లారి నోటీసు బోర్డు మీద కొత్త కాగితం పెట్టారు. పాతదాన్ని నా చేత్తో నేనే పీకాను, ప్యూను అరుస్తున్నా వినలేదు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పండి అంటే రాజరత్నం గారు లేచి, అందరం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం, "దేవుడు మంచోడండి. సిస్టరు గారు కూడానండి" అని కూర్చున్నాడు. నేను కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చాను, నాకు సిగ్గేం లేదు చెప్పడానికి.

ఇంజను బాగుచేయించి మళ్ళీ ఆయన చేతికే ఇచ్చారు, మార్చి ఆఖరున. ఆ తర్వాత మొదటిసారి కరెంటు పోయింది చూడూ, అప్పుడు నేను థియేటర్‌లోనే ఉన్నాను. మధ్యాహ్నం, చిన్నపిల్లాడికి ఆపరేషను. లైటు టప్‌మని పోయింది. నా చెయ్యి దానంతటదే బ్యాగు మీదకి పోయింది. లోపల లెక్కపెడుతున్నాను, ఒకటి, రెండు, మూడు. ఏడు దగ్గర కింద దడదడమని మొదలైంది. ఎనిమిదికి లైటొచ్చింది. డాక్టరు గారు తల కూడా ఎత్తలేదు, "కత్తెర" అన్నారు. పది నిమిషాలయింది, జులైలో పది నిమిషాలకే కదా చప్పుడు వచ్చింది, నేను బ్యాగు మీంచి చెయ్యి తియ్యలేదు. ఇరవై అయింది. తిరుగుతూనే ఉంది. గంటన్నర తిరిగింది. పిల్లాడికి ఆఖరి కుట్టు వేస్తూ డాక్టరు గారు నన్ను చూసి "ఎందుకు సిస్టర్ ఏడుస్తున్నావ్, భయమేసిందా, కింద ఎవరున్నారు జనరేటర్ దగ్గర?" అన్నారు. నేను అన్నాను, ఉన్నారు సర్. కింద రాజరత్నం గారు ఉన్నారు...

వెళ్ళమ్మా, నీకు క్లాసుకి టైమవుతోంది. ఆ తలుపు దగ్గరగా లాగి వెళ్ళు.